గుండె నిలిచింది, నడక మాటేమిటి?



గుండెపోటునుండి బయటపడిన పెద్దలకు మా తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్ళలో లభించే తొలి ఉపదేశం "కదలకండి". ప్రేమతో పలికే ఆ మాటే అపకారమని నా అభిప్రాయం. మంచం పట్టినకొద్దీ కండ కరుగుతుంది, పడిపోతామన్న భయం పెరుగుతుంది.

ఇటలీలో 65 ఏళ్ళు పైబడి, గుండెపోటు తర్వాత శరీరపటుత్వం తగ్గిన 512 మందిపై జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. వ్యాయామ, ఆహార శిక్షణ పొందినవారిలో ఏడాదిలోపు హృద్రోగంతో మరణించినవారో, అనుకోకుండా ఆసుపత్రి పాలైనవారో నూటికి 12.6, తక్కినవారిలో 20.6. ఆ వ్యాయామంలో అధికభాగం ఇంటివద్దనే చేసినది!

కావున ఈ శిక్షణ నగరాలకే పరిమితం కారాదు. రేపల్లె వృద్ధునికీ స్వస్థలంలోనే అందాలి. అంతవరకూ వైద్యుని అనుమతితో పెద్దలను వాకిట నడవనీయండి. ఆయాసమో, ఛాతీనొప్పో వస్తే ఆపించండి. పథ్యం పేరిట పప్పు, పెరుగు మాన్పించకండి. అరవైలు దాటుతున్న నాకిది పరుల గోడు కాదు.

మీరేమంటారు?