నమూనా ట్యాంకుకు పుస్తకం ఏది?

మన గ్రంథాలయానికి ఈ సంవత్సరం కొనదగిన పుస్తకాలలో, హాబీ విభాగం క్రింద, ప్రపంచంలోని ట్యాంకులన్నింటి బొమ్మలు గల ఒక పెద్ద రంగుల గ్రంథాన్ని చేర్చవలెనని నమూనాలు చేయు విద్యార్థి మిత్రులు కోరుచున్నారు. వారి ఉత్సాహం మెచ్చదగినదే. అయినను ఆ గ్రంథాన్ని కొనరాదని నా అభిప్రాయం. కారణం చెప్పుటకు ముందు నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పుకొనవలెను.

ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంకు ప్రదర్శనశాలలో 131 అను అంకె గల జర్మన్ టైగర్ ట్యాంకు కలదు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కినది అదియే. దానిని 1/35 స్కేలులో చేయ సంకల్పించి, చేతికందిన ఒక రంగుల పుస్తకాన్ని ముందుంచుకొని మూడు నెలలు శ్రమించినాను. పుట్టీతో ఒళ్లంతా గీతలు గీతలుగా పూత పూసినాను. పుస్తకంలోని టైగర్‌కు అట్లే ఉన్నది మరి! తీరా విచారింపగా, అయస్కాంతపు మైనులు అంటుకొనకుండ జర్మనులు వాడిన జిమ్మెరిట్ అను ఆ పూత 1943 ద్వితీయార్ధంలో గాని మొదలు కాలేదు. ఏప్రిల్‌లోనే శత్రువు చేజిక్కిన బండికి ఆ పూత ఎట్లు వచ్చును?

పుస్తకం అబద్ధమాడలేదు. అది చూపినది 1944 నాటి టైగర్‌ను. నేను చేసినది 1943 నాటి దానిని. టైగర్ తయారైన కాలం 1942 ఆగస్టు నుండి 1944 ఆగస్టు వరకు, రెండేండ్లే. ఆ రెండేండ్లలోనే దాని రూపం ఎన్ని మార్పులు పొందినదో చూడుడు. కమాండరు నిలుచు చిన్న బురుజు మొదట డ్రమ్మువలె నిలువుగా, సన్నని చూపు సందులతో ఉండెడిది. 1943 నడిమికి పోతపోసిన పొట్టి బురుజు, దాని చుట్టు పెరిస్కోపులు వచ్చినవి. 1944 ఆరంభంలో రబ్బరు అంచుల చక్రాలు పోయి ఉక్కు అంచులవి వచ్చినవి. 1943 ఫిబ్రవరి ఉత్తర్వుతో మూలరంగే ముదురు బూడిద నుండి ముదురు పసుపునకు మారినది. వీనిలో ఏ రెండింటిని తారుమారు చేసినను, ఎన్నడును లేని ట్యాంకు ఒకటి మన బల్లపై వెలయును.

కనుక పుస్తకం తెరచినప్పుడు చూడవలసినది బొమ్మల సంఖ్య కాదు, బొమ్మ క్రింది రెండు పంక్తులు. ఏ బండి, ఏ సంవత్సరం, ఏ చోటు అని అవి చెప్పవలెను. "యుద్ధరంగంలో టైగర్" అని మాత్రమే ఉన్నచో ఆ ఫోటో మనకు అక్కరకు రాదు. రంగుల చిత్రపటాలను మరింత జాగ్రత్తగా చూడవలెను. వానిలో పెక్కు, నలుపు తెలుపు ఫోటోను చూచి చిత్రకారుడు ఊహించినవే. ప్రదర్శనశాలలో తీసిన ఫోటోలు బోల్టులకు, రేకు మందానికి మంచివి గాని రంగుకు కావు. ఆ బండ్లకు తరువాత ఎన్నిసార్లు రంగు వేసిరో!

రేఖాచిత్రాలను పరీక్షించుటకు స్కేలుబద్ద చాలును. టైగర్ శరీరం పొడవు, ఫిరంగి గొట్టం విడిచి, సుమారు 6.3 మీటర్లు. 1/35 చిత్రంలో అది 18 సెంటీమీటర్లు ఉండవలెను. పదిహేడే వచ్చినచో ఆ చిత్రాన్ని నమ్మరాదు. చిత్రం 1/48లో ఉన్నచో 137 శాతానికి పెంచి జిరాక్సు తీసికొనవచ్చును.

మన ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణం ఒకటి కలదు. హైదరాబాదు సంస్థాన సైన్యంలో ఉద్యోగం చేసి, 1965 యుద్ధంలో పూనా హార్స్ దళాన్ని నడిపి, సెప్టెంబరు 16న నేలకొరిగి పరమవీరచక్ర పొందిన లెఫ్టినెంట్ కర్నల్ ఏ. బి. తారాపోర్ గారి సెంచూరియన్‌ను చేయవలెనని రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు నన్నడిగినాడు. ఆ దళం సెంచూరియన్లకు నాడు ఉన్నవి 20 పౌండర్ ఫిరంగులు. సెంచూరియన్ పేరుతో వచ్చిన పుస్తకాలలో విరివిగా కనిపించునవి 105 మిల్లీమీటర్ల ఫిరంగి, డీజిల్ ఇంజను అమర్చి వెనుక భాగాన్నే మార్చిన ఇజ్రాయేలు బండ్లు. పెద్ద గ్రంథంలో సెంచూరియన్‌కు దొరకునది ఒక పుట. ఆ పుటలో ఇజ్రాయేలు బండి ఉన్నచో ఆ పిల్లవాని శ్రమ ఏమగును?

ఏ ట్యాంకు చేయవలెనో ఎంచుకొనుటకు పెద్ద గ్రంథమే మేలు కదా అని మిత్రులందురు. ఒప్పుకొందును. కాని ఎంచుకొనుట ఒక్క సాయంత్రపు పని. చేయుట నెలల పని. ఆ సొమ్ముతోనే థామస్ జెంట్జ్, హిలరీ డోయిల్ 2000లో వెలువరించిన టైగర్ గ్రంథం వంటిది ఒకటి, 48 పుటల చిన్న పుస్తకాలు మూడు నాలుగు కొనవచ్చును. ఆ చిన్నవానిలో ఒకటి 20 పౌండర్ సెంచూరియన్‌ను చూపునదై యుండవలెను. జెంట్జ్, డోయిల్ కర్మాగారపు పత్రాలను శోధించి, మిగిలియున్న బండ్లను కొలిచి వ్రాసినవారు. ఏ మార్పు ఏ నెలలో వచ్చినదో వారి పుటలలో దొరకును.

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. ఆ పుస్తకాలను ఇంటికి ఇవ్వక, అక్కడనే చదువుటకు ఉంచవలెను. లేనిచో రేఖాచిత్రాల పుటలు మొదటి నెలలోనే మాయమగును.