సంతకం ఎవరిది?

"నాకు బాగయింది గదక్కా, ఇంగ ఈడెందుకు ఉండాల?"

నాలుగేళ్ల కిందట ఓ మానసిక ఆసుపత్రిలో మా చిన్నమ్మ కూతురు అడిగిన ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చేర్చేటప్పుడు సంతకం పెట్టింది భర్త. నయమైందని డాక్టరు చెప్పాక తీసుకెళ్లడానికి మాత్రం రాలేదు. చిత్తూరు దగ్గరి పుట్టింట్లో అన్నావదినెలు 'నలుగురూ ఏమనుకుంటారు' అన్నారు. నయమైన మనిషి మరో ఏడు నెలలు అక్కడే ఉండిపోయింది. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ, స్త్రీల హక్కుల గురించి సభల్లో మాట్లాడే నేను కూడా మా ఇంటికి రమ్మనలేదు. చివరికి చిన్నమ్మే కొడుకుతో పోట్లాడి తీసుకెళ్లింది.

ఇది ఒక్క కుటుంబం కఠినత్వం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన పాక తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. అలాంటిచోట మనుషుల్ని వదిలి వచ్చిందీ కుటుంబాలే.

2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుల్ని నిషేధించింది. కుటుంబం లేదనో, ఒప్పుకోలేదనో, బయట వసతి లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచకూడదని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ వసతి చూడాల్సింది ప్రభుత్వం. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఎంచుకోవచ్చని 14వ సెక్షన్ అంటోంది. ఆ ప్రతినిధి భర్తే కానక్కర్లేదు. అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఆ కాగితం సంగతి మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు.

'కుటుంబం చూసుకుంటుంది' అంటారు. కుటుంబం అంటే ఎవరు? మందుల కోసం మోకాళ్ల నొప్పులతో బస్సెక్కే చిన్నమ్మ. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు. మగవాడికి జబ్బు చేస్తే తల్లో, భార్యో ఉంటుంది. సేవ ఆడవాళ్ల ధర్మమైనప్పుడు, ఆడదానికి సేవ ఎవరి ధర్మం?

రచయిత్రులం మనం కథల్లో 'పిచ్చి'ని తిరుగుబాటుగా మెచ్చుకున్నాం. బతికున్న ఆ స్త్రీకి ఇల్లు అడగలేదు. 2022లో చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా ఏర్పడింది. కొత్త ఆఫీసులన్నిటికీ గదులు దొరికాయి. ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన స్త్రీకి, లోపలి నుంచి తానే గడియ వేసుకోగల ఒక గది కావాలి. అది దయ కాదు, హక్కు.

ముందు ఆ తెల్లకాగితం మన ఇళ్లలో రాసుకుందాం. ఆ తర్వాత కలెక్టరాఫీసుకు వెళ్లి, గది ఎక్కడని అడుగుదాం.