కొండెక్కేది మన పిల్లలు, కుర్చీ ఎక్కేదెవరు?

పిల్లలకు కొండలెక్కుడు నేర్పే సంస్థకు కొత్త పెద్ద వస్తున్నడంటే మనోళ్లు పూలదండ పట్టుకొని ఉరుకుతరు. దండ వేసే ముందు అడగాలె: ఈయన ఏ కొండ ఎక్కిండు? రేపు బదిలీ అయితే మన పిల్లల తాడు ఎవరి చేతిల పెట్టి పోతడు?

2014 మే 25న ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు ఎక్కిండ్రు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అప్పటిదాకా ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్లల్లో ఆమె కన్న చిన్నది లేదు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొంది పోయిండ్రు. కూలోళ్ల పిల్లలకు కొండలెందుకన్న నోళ్లు ఆనాడు మూతపడ్డయి.

అప్పుడు గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, దళిత కుటుంబం నుంచి వచ్చిన ఐ.పి.ఎస్. అధికారి. 2012లో వచ్చి 2021లో ఉద్యోగమే వదిలి పోయిండు. ఆయన చేసిన మేలు మరువం. కానీ ఒక్క మనిషి మీద నిలబడ్డ పని ఆ మనిషితోటే కదిలిపోతది. కార్యదర్శిని పంపేది సర్కారు కాగితం, పిలిపించుకునేదీ సర్కారు కాగితమే. మధ్యలో పిల్లల తల్లిదండ్రులను అడిగే దిక్కేది?

ఇది ఇయ్యాల్టి ముచ్చట కాదు. 1953లో టెన్జింగ్ నార్గే ఎవరెస్టు ఎక్కిండు. 1954లో డార్జిలింగ్‌ల పర్వతారోహణ సంస్థ పెట్టిండ్రు. షెర్పా టెన్జింగ్‌కు క్షేత్ర శిక్షణ బాధ్యత ఇచ్చిండ్రు. ప్రిన్సిపాల్ కుర్చీల సైన్యం మేజరు కూసుండు. ఆ మేజరూ కొండలెక్కినవాడే, కాదనం. కానీ మంచులో దారి చూపేటందుకు పనికొచ్చినోడు సంస్థకు దారి చూపేటందుకు పనికిరాడా?

అర్హత కావాలె అంటరు. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కింది. ఇంతకన్న ఏం అర్హత కావాలె? మన తాతలు బండలు కొట్టిండ్రు, కట్టెలు మోసిండ్రు, గుట్టల మీద మేకలు కాసిండ్రు. కొండ మనకు కొత్త కాదు. కొత్తది కుర్చీ ఒక్కటే.

అట్లని మనోడు కూసుంటే చాలని మురిసిపోవద్దు. కుర్చీ ఎక్కినంక మనోడూ దొర కావచ్చు. అందుకే లెక్క అడిగే హక్కు మన చేతిల ఉండాలె.

అన్నలారా, అక్కలారా! గురుకులంల తల్లిదండ్రుల మీటింగుకు పోయినప్పుడు మార్కులు అడిగి ఊకోకుండ్రి. ఈ ఏడు ఎంతమందిని కొండకు తీసుకపోయిండ్రు? నేర్పేటోళ్లలో ఇక్కడ చదివిన పిల్లలు ఎంతమంది? తాళ్లు, హెల్మెట్లు ఎప్పుడు మార్చిండ్రు? పిల్ల పడితే దవాఖాన ఖర్చు ఎవరిది? నిర్ణయాలు చేసే కమిటీల మనకు జాగ ఏది? జవాబు కాగితం మీద రాసిమ్మని అడుగుండ్రి.

ఫోటోలకు మన పిల్లలు, సంతకాలకు వాళ్లా? ఇగ చెల్లదు. శిఖరం మీద జెండా పాతిన చెయ్యే సంస్థ పగ్గం పట్టాలె.

జై భీమ్!