పద్నాలుగు మంది, ఒకే బిల్లు

యానాం తెలుగువాళ్ళకు ఫ్రెంచి మాట కొత్త కాదు. 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి పాలనే. అయినా మా బంధువుల ఇళ్ళలో భోజనమంటే గోదావరి చేపల పులుసూ, పప్పుచారే. అందుకే చుట్టాలు పుదుచ్చేరి వస్తే, మణకుళ వినాయకుడి గుడీ, సముద్రపు ఒడ్డూ చూశాక "ఆ ఫ్రెంచి హోటలు కూడా చూపించండి బావగారూ" అనడం మామూలే. కిందటి వేసవిలో అలాగే పద్నాలుగు మందిమి వెళ్ళాం.

ఫ్రెంచివారి భోజనం వరుసలో సాగుతుంది. ముందు 'ఆంత్రే', తరవాత అసలు వంటకం, చివర తీపి. ఒకప్పుడు వాళ్ళూ మన విస్తరిలాగే వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టేవారట. ఒకదాని తరవాత ఒకటి తెచ్చే పద్ధతి 19వ శతాబ్దంలో రష్యా నుంచి వచ్చింది. పద్నాలుగు మంది పద్నాలుగు రకాలు చెబితే వంటింటివాళ్ళు అన్నీ ఒకేసారి పంపలేరు. పిల్లలూ, పెద్దవాళ్ళూ ఉంటే ఆకలి వేళకు అరగంట ముందే వెళ్ళడం మంచిది.

శాకాహారులు పేరు చూసి మోసపోకూడదు. ఉల్లిపాయ సూపు అంటారు గానీ, పాత పద్ధతిలో అది గొడ్డు మాంసపు రసంతో చేస్తారు. అడిగి తీసుకోవాలి. 'రటటూయ్' మాత్రం వంకాయ, టమాటా, కాప్సికం, జుకినీ ఆలివ్ నూనెలో మగ్గించిన కూర. మా పెద్దక్క రుచి చూసి "బాగుందిరా, పోపు వెయ్యడం మరిచిపోయారు" అంది.

అసలు సంగతి బిల్లు దగ్గర వచ్చింది. "తలా ఇంత వేసుకుంటే సరిపోతుంది" అన్నారు ఒక బావగారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ యానాంలో చిన్న దుకాణం నడుపుకునే మా పిన్ని కొడుకు, భార్యా, ఇద్దరు పిల్లలూ కలిసి రెండు సూపులూ, రెండు క్రేపులూ తీసుకున్నారంతే. "ఆకలి లేదన్నయ్యా" అన్నాడు. ధరల పట్టికను వాడు కుడివైపు నుంచి చదవడం నేను చూశాను. తలా ఇంత అంటే, ఇంకొకరు తాగిన వైనుకు కూడా వాడే ఇవ్వాలి.

"నీ వంతు మేం చూసుకుంటాంలే" అని నలుగురిలో అంటే అదీ వాడికి చిన్నతనమే. అందుకని బిల్లు నా చేతిలోకి తీసుకుని, ఎవరు తిన్నది వారికి లెక్క కట్టాను. వాడు తన పైకం లెక్కపెట్టి ఇచ్చాడు. నేను తీసుకున్నాను. వద్దనలేదు. ఆకలీ, ఆదాయమూ సమానమైన చోటే సమాన వంతులు న్యాయమని నా అభిప్రాయం.

బయట తినబోయే కుటుంబాలకు నాలుగు మాటలు. పిలిచేవారే ఇచ్చేదయితే ఆ మాట ఇంటి దగ్గరే చెప్పాలి. పంచుకునేదయితే ముందురోజే ఫోన్ చేసి, అందరికీ ఒకే ధరలో భోజనం ఏర్పాటు చేస్తారేమో కనుక్కుని, మనిషికి ఎంతో తెలియజెయ్యాలి. మద్యానికి జీఎస్టీ వర్తించదు, పన్ను వేరు. కాబట్టి దానికి వేరే బిల్లు అడిగి, తాగినవారే ఇవ్వాలి. సర్వీసు చార్జీ తనంతట తాను బిల్లులో చేర్చకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వడ్డించినవారికి సంతోషంగా ఇచ్చేది వేరే సంగతి. అది తప్పకుండా ఇవ్వండి.

దూరాన ఉన్న మనలాంటివాళ్ళకు చుట్టాలు కలిసేదే ఏడాదికి ఒకసారి. బిల్లుకు జంకి ఒక తమ్ముడు మరుసటి ఏడు రావడం మానుకుంటే ఆ లోటు ఏ పద్దులోనూ సరిపెట్టలేం. మీ ఇళ్ళలో ఈ లెక్క ఎలా తేలుస్తున్నారో రాయండి.