జెండాలు మారితే కాలువ నిండదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో మూడు జిల్లాలయినయి. పార్లమెంటులో మాత్రం మూడింటికీ ప్రధానంగా ఒకటే గొంతు, నాగర్‌కర్నూల్ ఎస్సీ రిజర్వుడు స్థానం. 1996 నుంచి 2024 దాకా 8 ఎన్నికల్లో కాంగ్రెస్ 4 సార్లు, తెలుగుదేశం 3 సార్లు, టీఆర్ఎస్ ఒకసారి గెలిచాయి. సైకిల్‌పై 3 సార్లు నెగ్గిన మందా జగన్నాథం 2009లో చెయ్యి గుర్తుపై గెలిచి, 2014లో కారెక్కి ఓడారు. 2019లో కారు గుర్తుపై గెలిచిన పోతుగంటి రాములు 2024 ఎన్నికల ముందు కమలం గూటికి చేరారు.

మరి ఆర్డీఎస్ కాలువ సంగతేంది? కాగితం మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలు. 2003లో అలంపూర్ నుంచి గద్వాల దాకా పాదయాత్ర సాగింది ఈ నీళ్ల కోసమే. 2014లో రాష్ట్రం వచ్చింది. అయినా వాటా నీళ్లు చివరి భూములకు పారకనే కదా, తుమ్మిళ్ల లిఫ్టు కట్టుకోవలసి వచ్చింది!

ఆర్డీఎస్ కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణల నడుమ తగాదా. అది గద్వాలలో తెగేది కాదు, ఢిల్లీలో తేలవలసింది. అందుకే ఎంపీ సీటంటే పార్టీల పంపకం కాదు, మన నీళ్ల వకాల్తా అని మేమంటున్నాం. విద్యార్థులారా, ఉద్యోగులారా! ఓటడగ వచ్చినోళ్లను ఏ జెండా అని కాదు, ఆర్డీఎస్ మీద పార్లమెంటులో ఎన్నిసార్లు నోరు విప్పినవని నిలదీద్దాం.