రాణి చీమ కొరియర్‌లో రాకూడదు

మాది చీమకుర్తి. ఊరి పేరులోనే చీమ ఉంది కాబట్టి ఈ వ్యాసం రాసే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని మా రూమ్మేట్ల తీర్మానం. బయటివాళ్ళకి మా ఊరంటే గ్రానైట్. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, ఆ బ్లాక్ గెలాక్సీ మా దగ్గరిదే. నేను చెప్పబోయేది రాయి గురించి కాదు, పక్కన మట్టిలో ఉండేవాటి గురించి.

చీమల్ని పెంచే సరదా మన క్యాంపస్‌కి కూడా వచ్చేసింది, యూట్యూబ్ పుణ్యమా అని. అద్దాల పెట్టెలో సొరంగాలు, గుడ్లు మోసుకెళ్ళే పనిచీమలు, మధ్యలో పెద్ద పొట్టతో రాణి. చూస్తుంటే టైమే తెలీదు. సీఎస్ఈ వాళ్ళకి ఇంకో సాకు కూడా ఉంది. చీమలు దారి కనుక్కునే పద్ధతి నుంచి మార్కో డోరిగో 1992లో తన పీహెచ్‌డీలో ఒక ఆల్గారిథమ్ తయారుచేశాడు కదా, మనం అసలు చీమల్ని చూస్తే తప్పేంటి అని. తప్పేం లేదు. కానీ జూనియర్స్‌లో ఇద్దరు ముగ్గురు "అన్నా, రాణిని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టొచ్చా?" అని అడుగుతున్నారు. నా జవాబు ఒక్కటే. పెంచండి, కొనొద్దు. మీ ఇంటి దగ్గర మీరే పట్టిన రాణిని, అదీ ఒక్కదాన్నే పెంచండి. దొరక్కపోతే ఇంకో వాన దాకా ఆగండి.

పట్టుకోవడం మాత్రం పాపం కాదా అని అడిగేవాళ్ళు ఉంటారు. సరైన ప్రశ్నే. చీమల పుట్టలోంచి ఏటా రెక్కల ఆడచీమలు, మగచీమలు ఎగురుతాయి. జతకట్టాక మగవి చచ్చిపోతాయి. ఆడది నేల మీదికి దిగి, తన రెక్కలు తానే తుంచేసుకుని, ఒంటరిగా గూడు కోసం వెతుకుతుంది. అప్పుడే బల్లి, కోడి, కాకి, మన చెప్పు, పక్క పుట్ట చీమలు, అన్నీ దాని మీదే. నూటికి నూరు పుట్టలు పెట్టేస్తే ఈపాటికి మనం నడవడానికి నేల ఉండేది కాదు. చాలా కొద్ది రాణులే బతుకుతాయి. అందులోంచి ఒకదాన్ని తీసుకుంటే ఊరికి లోటు రాదు. అయితే ఉన్న పుట్టని తవ్వి రాణిని లాగడం వేరే సంగతి. అది ఇల్లు కూల్చడం. ఏడు చేపల కథలో చీమ తన తరఫున చెప్పుకున్న వాదన కూడా ఇలాంటిదే.

ఇక గుర్తుపట్టడం. వీడియోల్లో ఇది రెండు నిమిషాల్లో అయిపోతుంది, నిజానికి ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టాలి. వాన పడి తెరిపిచ్చిన సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ మూగేవి చాలావరకు ఉసిళ్ళు. అవి చెదపురుగులు, చీమలు కానే కావు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి, నడుము ఉండదు. రెక్కల చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. మీసం మోచేయిలా మడత పడి ఉంటుంది. నడుము దారమంత సన్నం.

అది చీమే అని తేలాక మగా ఆడా చూడాలి. మగది సన్నగా, చిన్న తలతో ఉంటుంది. రాణికి తల, వీపు, పొట్ట మూడూ బలంగా ఉంటాయి. రెక్కలు రాలిపోయి నేల మీద తిరుగుతున్నదైతే ఇంకా మంచిది, జతకట్టి ఉండే అవకాశం ఎక్కువ. కాకపోతే గండుచీమల్లో ఒక తిరకాసు ఉంది. వాటి పనిచీమల్లోనే కొన్ని పెద్ద తలకాయతో, చూడగానే భయపడేలా ఉంటాయి. చాలామంది వాటినే రాణి అనుకుని ఇంటికి తెస్తారు. తల చూడకండి, వీపు చూడండి. పనిచీమకి వీపు సన్నగా, జారుగా ఉంటుంది. రాణి వీపు తలంత వెడల్పుగా మూపురంలా లేచి ఉంటుంది, పక్కల రెక్కలు ఊడిన మచ్చలు కనిపిస్తాయి. ఆ వీపు నిండా ఎగరడానికి పనికొచ్చిన కండ ఉంటుంది. దాని కథ కిందికి వస్తుంది.

గండు అనే మాట గమనించారా? గండుపిల్లి అంటే మగపిల్లి. కానీ మనం రోజూ చూసే గండుచీమలన్నీ ఆడవే, పని చేసేవి, కరిచేవి అన్నీ. మనవాళ్ళు సైజు చూసి పేరు పెట్టేశారు. దాని సైన్సు పేరు కాంపోనోటస్ కంప్రెసస్, 1787లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ ఆయన వర్ణించాడు. మొదటిసారి పెంచేవాళ్ళకి నేను చెప్పేది ఇదే జాతి. పెద్దది, కంటికి ఆనుతుంది, కొండి లేదు. నిప్పు పెట్టినట్టు కుట్టే చిన్న ఎర్రచీమల జోలికి హాస్టల్లో ఉండేవాడు అస్సలు పోకూడదు.

పెంచడం గురించి చెప్పాలంటే, చేసేదానికన్నా చెయ్యకుండా ఉండేదే ఎక్కువ. ఒక టెస్ట్ ట్యూబ్ తీసుకుని మూడో వంతు నీళ్ళు పోసి దూదితో బిగించాలి. రాణిని లోపలికి పంపి, మూతి దగ్గర ఇంకో దూది ఉండ పెట్టాలి. మాది పత్తి పండే ప్రాంతం, మిద్దె మీద పత్తి ఆరబోసి ఉంటుంది, చేతికి అందుతుంది కదా అని అది వాడకండి. చేలోంచి వచ్చిన పత్తికి సహజంగా మైనం పూత ఉంటుంది, నీళ్ళు పీల్చదు. పైగా దాని మీద ఎన్ని మందులు కొట్టి ఉంటారో రైతునే అడగాలి. మెడికల్ షాపులో దొరికే దూదే కావాలి.

తర్వాత ట్యూబ్‌ని చీకట్లో పెట్టి మర్చిపోవాలి. తిండి వద్దు. గండుచీమ రాణికి మొదటి పిల్లలు వచ్చేదాకా తిండి అక్కర్లేదు. ఇందాక చెప్పిన వీపు కండని, ఒంట్లో కొవ్వుని కరిగించుకుని తను బతుకుతూ పిల్లలకి కూడా నోట్లోంచి పెడుతుంది. ఇంక ఎగిరేది లేదు కదా, ఆ కండతో పనేముంది. మొదటి పనిచీమలు రావడానికి నెలన్నర, రెండు నెలలు ఆగాలి. రోజూ టార్చి వేసి చూస్తే రాణి బెదిరి తన గుడ్లు తనే తినేస్తుంది. వారానికి ఒకసారి చాలు. మా ఊళ్ళో ఇంకో సమస్య క్వారీ బ్లాస్టింగ్, టిప్పర్ లారీలు. అదురు చీమలకి పడదు. అందుకే మా ఇంట్లో ట్యూబ్ మడతపెట్టిన తువ్వాలు మీద, బీరువా అడుగు అరలో ఉంటుంది. రేకుల ఇల్లయితే మే నెలలో అది కూడా చాలదు, కుండ పక్కన చల్లటి మూల చూసుకోండి.

పిల్లలు వచ్చాక చుక్క పంచదార నీళ్ళు, చంపిన దోమ. అంతే. పత్తి చేలోనో మిరప చేలోనో పట్టిన పురుగు మాత్రం వద్దు, దాని ఒంట్లో మందు ఉంటుంది. ట్యూబ్ ఉన్న గదిలో చీమల చాక్‌పీసు గీతలు, గమాక్సిన్ పొడి కూడా ఉండకూడదు. మా అమ్మమ్మకి ఇది అర్థం చేయించడానికి నాకు ఒక సెలవంతా పట్టింది. "ఏందబ్బాయా, జనం చీమల్ని తోలడానికి మందు చల్లితే నువ్వు ఇంట్లో పెట్టి సాకుతానంటావు?" అంది. ఇప్పుడు వారం వారం నాకు ఫోన్లో గుడ్ల లెక్క చెప్పేది ఆవిడే.

మరి ఇంత ఓపిక ఎందుకు, డబ్బులు కడితే పనిచీమలతో సహా రాణి ఇంటికే వస్తుంది కదా? ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం. ఒక్కరు వాన తర్వాత ఒక రాణిని పట్టడం వేరు, అమ్మడానికి వందల్లో పట్టడం వేరు. 2025 ఏప్రిల్లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు దాదాపు 5,000 చీమలతో దొరికారు. రెండు వేలకు పైగా ట్యూబులు, లోపల దూది, మనం చేసేదే. ధాన్యం గింజలు ఏరుకునే పెద్ద చీమల రాణులు అవి, యూరప్, ఆసియా పెంపకందార్లకి వెళ్ళాల్సిన సరుకు. అదే రకం కేసులో ఇంకో ఇద్దరు కూడా పట్టుబడ్డారు. మే నెలలో నైరోబీ కోర్టు ఒక్కొక్కరికీ పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. ఆ ఇద్దరు బెల్జియం వాళ్ళ వయసు 19. నా వయసే. హాబీగా మొదలై ఎక్కడిదాకా వెళ్ళొచ్చో అనిపించింది.

రెండోది, చీమ తన ఊరు దాటితే ఏమవుతుందో మనకి తెలుసు. ఎల్లో క్రేజీ యాంట్ అనే చీమ క్రిస్మస్ దీవిలో కోట్ల ఎర్ర పీతల్ని చంపింది. 2022లో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై అడవి చుట్టూ ఊళ్ళ మీద పడ్డదీ అదే. ఆవుల, మేకల కళ్ళు పోతున్నాయని, ఒంటి మీద బొబ్బలొస్తున్నాయని అక్కడివాళ్ళు మొత్తుకున్నారు. వాటిని ఎవరో పెంచి వదిలారని నేను అనట్లేదు. కుదురుకున్నాక ఎవడూ వెనక్కి పంపలేడు అంటున్నా. అమెరికాలో రాణిని రాష్ట్రం దాటించాలంటే వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి. అక్కడ పిల్లలు కొనే ప్లాస్టిక్ యాంట్ ఫార్మ్‌లలో మామూలుగా పనిచీమలే పంపేది కూడా అందుకే.

"గండుచీమ దేశమంతా ఉంటుంది కదా, గుంటూరుది హైదరాబాద్ వస్తే ఏమవుద్ది?" అని మా సీనియర్ ఒకాయన వాదించాడు. మొదట నాకూ జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే, వచ్చేది గండుచీమే అని ఎవరు చెప్పారు? అమ్మినవాడు. మన దేశంలో 800కి పైగా చీమ జాతులున్నాయి, ఫొటో చూసి పేరు పెట్టడం నిపుణులకే కష్టం. డయాకామా అనే నల్లచీమల్లో అయితే అసలు రాణే ఉండదు, పనిచీమల్లో ఒకటే గుడ్లు పెడుతుంది. రాణి అని అంటగట్టడానికి ఇంతకన్నా వీలేముంది. పైగా చీమతో పాటు దాని ఒంటి మీది నల్లులు, బూజు కూడా ప్రయాణం చేస్తాయి.

ఆఖరికి ఎవరూ చెప్పని లెక్క ఒకటి. పెంపకంలో ఒక రాణి చీమ 28 ఏళ్ళు బతికింది, అది జర్మనీలో పెరిగిన నల్ల తోటచీమ. మన గండుచీమ అంతకాలం బతక్కపోయినా, బి.టెక్ నాలుగేళ్ళని దాటడం కష్టమేం కాదు. ప్లేస్‌మెంట్ వచ్చి మీరు బెంగళూరు పోతే దాన్ని ఎవరు చూస్తారు? హాస్టల్ వెనక పొదల్లో వదిలేస్తే సరిపోదు. పట్టిన చోటే, అదే వీధిలో వదలాలి. వేరే ఊరి నుంచి తెచ్చిందైతే ఆ వీలు కూడా లేదు, ఉన్నంతకాలం పెంచాలి, లేదా ఫ్రీజర్లో పెట్టి చంపాలి. అందుకే నా ట్యూబ్ చీమకుర్తిలోనే ఉంది, నాతో హాస్టల్‌కి రాలేదు. మొన్న ఆదివారం లెక్క ప్రకారం పనిచీమలు పదకొండు, గుడ్లు మాత్రం అమ్మమ్మకి సరిగ్గా ఆనలేదంట.