తమాషా అయిపాయె, లెక్క ఏదీ?

2025 మే మొదటి వారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉద్యోగ సంఘాల మీద గరమయ్యిండు. రాష్ట్రానికి నెలకు వచ్చేది రూ.18,500 కోట్లు, అంతకు మించి తాను ఎక్కడి నుంచి తేవాలె, అప్పు కూడా పుడ్తలేదు అన్నది ఆయన మాటల సారం. డీఏలు కుప్పపడ్డయి, రిటైరైనోళ్లకు రావాల్సిన పైసలు రాలేదు అని అడిగినందుకు దొరికిన జవాబు అది. అదే నెల 10న గచ్చిబౌలి స్టేడియంలో దీపాలు వెలిగినయి. వందకు పైగా దేశాల అమ్మాయిలతోని 72వ మిస్ వరల్డ్ పోటీలు షురూ అయినయి. వాళ్లను చార్మినార్ కాడ నడిపించిండ్రు, పోచంపల్లిలో చీరెలు చూపించిండ్రు, రామప్ప గుడికి తీస్కపోయిండ్రు. మే 31న హైటెక్స్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి కిరీటం పెట్టుకున్నది. ఎవరి దేశానికి వాళ్లు పోయిండ్రు.

ఈ రెండు వార్తలను పక్కపక్కన పెడితే కొందరికి కోపం వస్తది. రాష్ట్రానికి పేరొస్తుంటే ఓర్వలేకపోతున్నరా అని గద్దిస్తరు. ఓర్వలేకపోవుడు ఏమీ లేదు. ఇంటికి సుట్టాలొస్తే అప్పు జేసైనా కోడిని కోసే జాతి మనది. కానీ సుట్టాలు పోయినంక ఇంటి ఇల్లాలు కూసోని, కిరాణం ఎంతయింది, మటన్ ఎంతయింది, చేబదులు ఎవరికి ఇయ్యాలె అని లెక్క చూస్తది. సర్కారు ఇంట్లో ఆ ఇల్లాలు ఎవరన్నదే మన ప్రశ్న.

పోటీలకు ముందు సర్కారు చెప్పిన అంచనా రూ.54 కోట్లు. అందులో సగం మిస్ వరల్డ్ సంస్థ పెట్టుకుంటది, మిగిలిన రూ.27 కోట్లు పర్యాటక శాఖ వాటా, అది కూడా స్పాన్సర్ల నుంచి వస్తదని చెప్పిండ్రు. ప్రతిపక్షంలో ఉన్న కేటీఆర్ మాత్రం రూ.200 కోట్లు తగలేస్తున్నరని అన్నడు. ఇరవై ఏడెక్కడ, రెండు వందలెక్కడ! నడుమ 173 కోట్ల లోయ ఉన్నది. సామాన్యుడు ఏ ఒడ్డున నిలబడాలె?

ఇసొంటి జాతర్ల లెక్క ఒక్క కాయితం మీద దొరకదు, అసలు కిటుకు అక్కడనే ఉన్నది. పర్యాటక శాఖ పద్దులో కనిపించేది వేదిక, హోటల్, బస్సులు. బందోబస్తుకు పోయిన పోలీసుల ఖర్చు హోం శాఖ ఖాతాలో పడ్తది. రోడ్డుకు తారు పోసింది, గోడలకు రంగులేసింది, కరెంటు స్తంభాలకు దీపాలు చుట్టింది మున్సిపాలిటీ ఖాతాలో పడ్తది. వారం పది రోజులు సొంత పని పక్కన పెట్టి ఏర్పాట్ల మీద తిరిగిన కలెక్టరాఫీసు సిబ్బంది పని ఏ ఖాతాలోనూ పడదు. అందుకే ఇద్దరూ చెప్పేది అంకెనే గానీ ఎవలది పూర్తి లెక్క అన్నది తేలదు. ముందు చెప్పేది అంచనా. అయినంక తేలేది ఖర్చు. మనకు కావాల్సింది ఆ రెండోది.

రామప్ప కాడ మన ఆడబిడ్డలతోని వచ్చినోళ్ల కాళ్లు కడిగించిండ్రు. అతిథి మర్యాద అని సమర్థించుకున్నరు. మర్యాద ఇంటి యజమాని చేస్తే అందం. ఆ పొద్దు చెంబు పట్టుకున్న చేతుల్లో మంత్రుల చేతులు, అధికారుల చేతులు లేవు. 2021లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్న గుడి అది. ఎనిమిది వందల ఏండ్ల నుంచి ఎవరి కాళ్లు కడుగకుండనే నిలబడ్డది.

ఇంకో సంగతి రాయక తప్పదు. మే 13న చార్మినార్ కాడ పోటీదారుల నడక జరిగింది. ఐదు రోజులకు, మే 18 పొద్దున్నే, అక్కడికి కూతవేటు దూరంలోని గుల్జార్ హౌస్‌లో ఒక ఇంటికి అగ్గి అంటుకొని 17 మంది చనిపోయిండ్రు. అందులో 8 మంది పిల్లలు. పోటీల వల్ల అగ్గి అంటుకున్నదని తలకాయ ఉన్నోడెవడూ అనడు. కానీ పాతబస్తీ ఇరుకు గల్లీలకు పనికొచ్చే ఫైరింజన్లు, పాత వైర్లు మార్చుడు, ఇండ్ల తనిఖీ అన్నీ అడిగేది కూడా అదే ఖజానాను. ముందు ఎవరి అర్జీ మీద సంతకం పడ్తదన్నదే రాజకీయం.

ఇప్పటి ప్రతిపక్షం ఏమన్న సుద్దపూసనా అంటే అదీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. కరెంటు కార్లు చక్కర్లు కొట్టినయి, ట్రాఫిక్‌లో చిక్కిన జనం పెట్రోలు బండ్ల మీద చెమటలు కక్కిండ్రు. 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సి ఉండె. సర్కారు మారింది, రేసు రద్దయింది. అంతలోపే హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు రూ.55 కోట్లు సరైన అనుమతులు లేకుండా బయటికి పోయినయన్న ఆరోపణ మీద 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. ఒక్క రూపాయి అవినీతి లేదు, ఆ రేసుతోని రూ.700 కోట్ల మేలు జరిగిందని కేటీఆర్ అన్నడు. తప్పో ఒప్పో తేల్చేది కోర్టు. మనం ఆ తీర్పు చెప్పబోము.

గమ్మతు ఏందంటే, కార్ల రేసును సమర్థించిన మాటలు, అందాల పోటీని సమర్థించిన మాటలు అచ్చం ఒక్కటే. బ్రాండ్ హైదరాబాద్, పెట్టుబడులు, ప్రపంచ పటం, కొలువులు. గులాబీ కండువా తీసి మూడు రంగుల కండువా ఏస్తే చాలు, ఉపన్యాసం మార్చే పని లేదు. ఆ 700 కోట్ల మేలు ఏ మండలంలో, ఎవరి ఇంట్లోకి వచ్చిందో చెప్పమంటే ఒక సర్వే సంస్థ పేరు చెప్తరు. మిస్ వరల్డ్‌తోని ఎంతమంది టూరిస్టులు పెరిగిండ్రో చెప్పమంటే వీడియోలు ఎన్ని కోట్ల మంది చూసిండ్రో చెప్తరు. "తెలంగాణ జరూర్ ఆనా" అని పర్యాటక శాఖ పిలుస్తున్నది, మంచిదే. ఎవరూ పిలువకుండనే రెండేండ్లకోసారి మేడారానికి కోటిమంది దాకా వస్తరని మాత్రం యాది పెట్టుకోవాలె.

లెక్క అడుగుడు తెలంగాణకు కొత్తగా పుట్టిన బుద్ధి కాదు. మన ఉద్యమం పాటతోని నడిచింది నిజమే గానీ, మొదలైంది లెక్కతోని. 1969 జనవరిలో పిల్లలు బడులు, కాలేజీలు బందు పెట్టి రోడ్డెక్కినంక అఖిలపక్షం కూసోని ఒప్పుకున్న అంశాల్లో ఒకటి, తెలంగాణ మిగులు నిధులు ఎంతనో తేల్చుడు. లలిత్ కుమార్ కమిటీ లెక్క చూసి 1956 నుంచి 1968 దాకా వాడకుండా మిగిలిపోయిన పైసలు రూ.34.10 కోట్లు అని చెప్పింది. తర్వాత వచ్చిన జస్టిస్ భార్గవ కమిటీ రూ.28.34 కోట్లు అన్నది. ఆ అంకెల మీద జయశంకర్ సారు ఊరూరా తిరిగి పాఠాలు చెప్పిండు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం గోడల మీద రాసినప్పుడు ఆ మూడు మాటల్లో నడిమి మాట నిధులు. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు ఆఫీసు మెట్లెక్కని ఉద్యోగి, ఇయ్యాల డీఏ ఎప్పుడొస్తదని అడిగితే ద్రోహి ఎట్లయితడు? అప్పుడు హైదరాబాద్‌లో ఉన్న సర్కారును లెక్క అడిగితే హక్కు అన్నరు. ఇప్పుడు కూడా సర్కారు హైదరాబాద్‌లోనే ఉన్నది.

ఖర్చు పెద్దదైతే తప్పు, చిన్నదైతే ఒప్పు అన్నది మా వాదన కాదు. దానికి సాక్ష్యం సిరిసిల్ల.

2017లో బతుకమ్మ చీరెలు మొదలైనయి. మొదటి ఏడు సూరత్ నుంచి కొంత సరుకు తెప్పించిండ్రు. నాసిరకం చీరెలని చాలా ఊళ్లలో ఆడోళ్లు కాలబెట్టిండ్రు. ఆ బద్నాం పుణ్యమా అని తర్వాత ఆర్డర్లు సిరిసిల్ల సాంచాలకు మళ్లినయి. దాదాపు కోటి చీరెలు, ఏటా రూ.300 కోట్లకు అటూఇటూ ఖర్చు. అందాల పోటీకి సర్కారు చెప్పిన వాటాకు ఇది పదింతలు! అయినా ఆ పైసలు ఎటు పోయినయని బీవై నగర్‌లో ఏ పిల్లగాన్ని అడిగినా చెప్తడు. నూలు కొన్న సేటుకు ఎంత, ఆసామికి ఎంత, సాంచా నడిపినోనికి మీటరుకు ఎంత, వార్పిన్ పనికి, వైపనికి ఎంత, కండెలు చుట్టిన ఆడమనిషికి ఎంత. అది కాకి లెక్క కాదు, వారం వారం చేతిలో పడ్డ కూలి. ఒకప్పుడు ఆత్మహత్యలతోని ఉరిసిల్ల అని పేరు పడ్డ ఊరు అది. ఆ పేరు కొంతకాలం వినబడకుండా పోయింది.

2024లో ఆ చీరెలు ఆగినయి. పాత సర్కారు పెట్టిపోయిన బిల్లుల బకాయి ఒకదిక్కు, కొత్త ఆర్డరు లేకపోవుడు ఇంకోదిక్కు. సాంచాల చప్పుడు బందయింది, మళ్లీ ఉరితాళ్ల వార్తలు పేపర్లో ఎక్కినయి. తర్వాత ఇందిరా మహిళా శక్తి పేరు మీద సంఘాల మహిళలకు చీరెల ఆర్డరు ఇచ్చిండ్రు, 2025 నవంబర్ 19 నుంచి పంచుడు మొదలుపెట్టిండ్రు. చీరె పొట్లం మీద ఎవరి బొమ్మ ఉన్నదని నేతగాడు చూడడు. ఆర్డరు ఏటా వస్తదా, బిల్లు టైముకు వస్తదా అని చూస్తడు. పండుగ పేరు మీద పెట్టిన ఖర్చు కూలిగా మారినప్పుడు దాన్ని దుబారా అనం. కూలిగా ఎంత మారిందో చెప్పలేని ఖర్చు గురించే మన పేచీ.

సిరిసిల్ల పేరు ఎత్తినంక "బలగం" యాదికి రాకుండా ఉండదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తీసిన ఆ చిన్న సినిమాను 2023లో ఊరి నడుమ తెర కట్టుకొని జనం కలిసి చూసిండ్రు, కలిసి ఏడ్చిండ్రు. టికెట్ రేటు పెంచమని ఎవడూ సచివాలయం మెట్లు ఎక్కలేదు. పెద్ద సినిమాల సంగతి వేరు. 2024 డిసెంబర్ 4 రాత్రి "పుష్ప-2" ప్రీమియర్‌కు మామూలు రేటు మీద రూ.800 అదనంగా గుంజుకొమ్మని సర్కారే అనుమతి ఇచ్చింది. ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ కాడ తొక్కులాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా పోయిండు. డిసెంబర్ 21న అసెంబ్లీలో ముఖ్యమంత్రి లేచి, తాను కుర్చీలో ఉన్నంతకాలం ప్రత్యేక షోలు, రేట్ల పెంపులు ఉండవని చెప్పిండు. మూడు వారాలు తిరగలేదు, జనవరిలో "గేమ్ ఛేంజర్"కు పెంపు ఇచ్చి, హైకోర్టు మొట్టికాయ పడంగనే వెనక్కి తీసుకున్నరు. 2025 సెప్టెంబర్‌లో "ఓజీ" ప్రీమియర్ టికెట్ రూ.800. అసెంబ్లీలో అన్న మాటకు ఉన్న వయసు తొమ్మిది నెలలు.

ఇది ఖజానా సొమ్ము కాదు గదా అంటరా? ఖజానా నుంచి పోతే పన్నుల రూపంలో మనది, టికెట్ నుంచి పోతే జేబులో మనది. ఉస్మానియా హాస్టల్లో ఉండే పోరడికి 800 అంటే ఎన్ని రోజుల చాయ్ ఖర్చో ఆ మెమో మీద సంతకం పెట్టిన చేతికి తెల్వదు. 2025 జూన్ 14న హైటెక్స్‌లోనే గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చిండ్రు. నంది పోయి గద్దర్ వచ్చుడు మనకు సంతోషమే, 2023కు "బలగం"ను ఉత్తమ చిత్రంగా ఎంచుకున్నందుకు ఇంకా సంతోషం. గోసి, గొంగడి కట్టుకొని బస్తీలో, పల్లెలో పైస టికెట్ లేకుండా ఆడిన మనిషి పేరు మీద, పాసు ఉన్నోళ్లకే సీటు దొరికే సభ జరిగింది. గద్దరన్న ఉంటే గేటు బయటనే పాడేటోడు.

విద్యార్థుల ముచ్చట చెప్పకుంటే ఈ లెక్క కుదరదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు కాలేజీలు తాళాలేస్తమన్నయి. సర్కారు రూ.1,200 కోట్లు విడతలుగా ఇస్తమని మాట ఇచ్చింది. మాట పూర్తిగా నిలవలేదు. నవంబర్ 3 నుంచి కాలేజీలు నిజంగనే బందయినయి, పరీక్షలు వాయిదా పడ్డయి, నాలుగైదు రోజులకు ఇంకో మాట మీద తెరిచిండ్రు. నడుమ నలిగింది ఎవరు? ఫీజు కట్టనిదే సర్టిఫికెట్ ఇయ్యమన్న కౌంటర్ ముందు నిలబడ్డ పిల్లలు. మిస్ వరల్డ్ ఆపితే ఈ బకాయి తీరేదని చెప్తే అబద్ధమైతది. రూ.27 కోట్లు వేల కోట్ల ముందు నలుసు. కానీ స్పాన్సర్లను వెతికిన ఆ ఉరుకులాట, ఏర్పాట్ల మీద మంత్రుల సమీక్షల మీద సమీక్షలు, టైముకు ప్రతి బిల్లూ కదిలిన ఆ చురుకు, పిల్లల ఫైలుకు ఎందుకు రాదు?

లెక్క అడిగేందుకు దారి ఉన్నది, ఆ దారికి ఏం గతి పట్టిందో కూడా చూడాలె. సమాచార హక్కు చట్టం కింద అప్పీళ్లు వినాల్సిన రాష్ట్ర కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత ఒక్క కమిషనర్ లేడు. ఆఖరి ఏడాది పాత సర్కారు నింపలేదు, కొత్త సర్కారు ఏడాదిన్నర నింపలేదు. కుర్చీలు నిండింది 2025 మేలో, సరిగ్గా అందాల పోటీల నెలలో. ఇప్పుడు కుర్చీలో మనిషి ఉన్నడు గనుక కాయితం పెట్టాలె. రాష్ట్ర స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు. పర్యాటక శాఖను ఒక్కదాన్నే అడిగితే ఒక్క ముక్కనే దొరుకుతది. మున్సిపల్ శాఖకు, హోం శాఖకు, ములుగు, యాదాద్రి కలెక్టరాఫీసులకు వేరువేరుగా పెట్టాలె. ఒప్పందం నకలు, ఏ పద్దు కింద ఎంత విడుదలైంది, ఏ స్పాన్సర్ ఎంత ఇచ్చిండు, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన పనులెన్ని, ఇంకా చెల్లించని బిల్లులెన్ని అని విడివిడిగా రాయాలె. హెచ్‌ఎండీఏకు 2023 రేసు మీద కూడా ఇవే ప్రశ్నలతోని ఇంకో కాయితం పెట్టాలె. జవాబుకు గడువు 30 రోజులు.